ప్లీడరమ్మ జవాబులు: ఈ నెల అన్నీ లా చదువు ఉత్తరాలే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా లా చదువు గురించే ఉన్నాయి. ఆస్తి తగాదాలు, అద్దె గొడవలు రాసినవాళ్ళు ఏమీ అనుకోకండి, అవన్నీ వచ్చే నెల తీసుకుంటా. చెన్నైలో ఉంటూ చదువుకుంటున్న మనవాళ్ళు, పిల్లల్ని ఇక్కడికి పంపుదామా అని ఆలోచిస్తున్న నెల్లూరు, చిత్తూరు వైపు తల్లిదండ్రులు రాసినవే ఎక్కువ. అన్నీ వేయలేను కాబట్టి ఒకే రకం ప్రశ్నలు కలిపేశా.

ప్రశ్న: అక్కా, మాది వెంకటగిరి దగ్గర ఒక పల్లె. టెన్త్ దాకా తెలుగు మీడియం, ఇంటర్ సీఈసీ. ఇప్పుడు చెన్నైలో ఐదేళ్ళ బీఏ ఎల్‌ఎల్‌బీ ఫస్ట్ ఇయర్. క్లాసులో సగం ఇంగ్లీషు, సగం తమిళం, నాకు రెండూ సరిగ్గా ఎక్కట్లేదు. కాంట్రాక్ట్స్ (ఒప్పందాల చట్టం), టార్ట్స్ (ఒకరి వల్ల ఇంకొకరికి జరిగిన కీడుకి పరిహారం చెప్పే చట్టం) రెండూ అరియర్ పడ్డాయి, అంటే ఫెయిలై మళ్ళీ రాయాలి. సెక్షన్లు బట్టీ పట్టే వెళ్ళా, కానీ ఒక గొడవని కథలా ఇచ్చి చట్టం ఏమంటుందో రాయమనే ప్రాబ్లం క్వశ్చన్ చూడగానే ఏ సెక్షన్ రాయాలో తెలియలేదు. నాన్న అప్పు చేసి ఫీజు కట్టారు. మానేసి మా ఊరి దగ్గరే ఏదో ఒక డిగ్రీలో చేరిపోనా?
- పేరు వేయొద్దన్న తమ్ముడు, పూందమల్లి

జవాబు: తమ్ముడూ, మానేయొద్దు. ముందు ఆ మాట చెప్పేస్తున్నా, ఎందుకో తర్వాత చెప్తా.

నీ ఇంగ్లీషు బాలేదని బాధపడుతున్నావు గానీ ఫస్ట్ ఇయర్‌లో అందరినీ ఇబ్బంది పెట్టేది ఇంగ్లీషు కాదు, లా భాష. నేనూ ఈ ఊళ్ళోనే తెలుగు మీడియంలో చదివి లా లోకి వచ్చినదాన్నే. కాంట్రాక్ట్ క్లాసులో ‘కన్సిడరేషన్’ అన్న మాట వస్తే డిక్షనరీ చూసి ‘పరిగణన’ అని నోట్సులో రాసుకున్నా, అంతే, రెండు నెలలు ఆ చాప్టర్ మొత్తం అయోమయమే. పక్క సీట్లో కాన్వెంట్‌లో చదివొచ్చిన అమ్మాయికి కూడా ఆ మాట అర్థం కాలేదని సెమ్ చివర్లో తెలిసింది. తర్వాత ఒకరోజు ఇంట్లో తాతగారి పొలం దస్తావేజు చేతికొస్తే అందులో ‘ప్రతిఫలం ముట్టినది’ అని ఉంది. అప్పుడు వెలిగింది, కన్సిడరేషన్ అంటే ప్రతిఫలం, ఇచ్చిన మాటకి బదులుగా అవతలివాళ్ళ నుంచి వచ్చేది. మన తాతలకి తెలిసిన మాటే. నువ్వూ మీ ఇంట్లో ఉన్న పాత దస్తావేజులు, నోటీసులు, కోర్టు కాగితాలు ఏమున్నా తీసి చదువు. వాది, ప్రతివాది, వ్యాజ్యం, దఖలు, స్వాధీనం, పూచీకత్తు, ఇవన్నీ నీ సిలబస్‌లో ఇంగ్లీషు పేర్లతో ఉన్నవే. ఒక నోట్‌బుక్ పెట్టి ఎడమ పక్క లా మాట, కుడి పక్క తెలుగు మాట రాసుకుంటూ పో, నాలుగు నెలల్లో భయం చాలా వరకు పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి, ప్రాబ్లం క్వశ్చన్ ఎందుకు రావట్లేదంటే అందులో సెక్షన్ నంబర్ ఉండదు, మనుషులు ఉంటారు. మనుషుల గొడవ చూసి సెక్షన్ దగ్గరికి వెళ్ళడం అలవాటు కావాలంటే కేసులు చదవాలి. గైడ్‌లో రెండు లైన్లలో వేసే కేసు కాదు, అసలు జడ్జిమెంట్. మొట్టమొదట నువ్వు చదవాల్సింది నేను చెప్తా: చిక్కం అమ్మిరాజు వర్సెస్ చిక్కం శేషమ్మ, మద్రాస్ హైకోర్టు, 1917.

పేర్లు చూశావా, మనవాళ్ళే. 1954లో గుంటూరులో హైకోర్టు పెట్టేదాకా కోస్తా, సీమ జిల్లాల పెద్ద అప్పీళ్ళన్నీ ఈ ప్యారీస్ కార్నర్ పక్కనున్న ఎర్ర బిల్డింగ్‌కే, మద్రాస్ హైకోర్టుకే వచ్చేవి, అందుకే పాత మద్రాస్ రిపోర్టులు తిరగేస్తే రంగనాయకమ్మలు, రామయ్యలు, వెంకటస్వాములు పేజీ పేజీకీ కనిపిస్తారు. ఈ కేసులో ఏం జరిగిందంటే, ఒకాయన నేను చచ్చిపోతా అని బెదిరించి, భార్య చేతా కొడుకు చేతా, వాళ్ళు తమదని చెప్పుకుంటున్న ఆస్తి మీద హక్కు వదులుకుంటున్నట్టు తన సోదరుడి పేర రిలీజ్ డీడ్ రాయించాడు. ఆ కాగితం నిలబడుతుందా లేదా అన్నది కోర్టు ముందుకొచ్చింది. కాంట్రాక్ట్ యాక్ట్ 15వ సెక్షన్ ప్రకారం ఇండియన్ పీనల్ కోడ్ నిషేధించిన పని చేస్తానని బెదిరించి ఒప్పుకునేలా చేస్తే అది కోయర్షన్, అంటే బలవంతం. మరి ఆత్మహత్యని కోడ్ నిషేధించిందా? చనిపోయిన మనిషిని ఎవరూ శిక్షించలేరు కాబట్టి ఆ పనికి శిక్ష రాసి లేదు. శిక్ష లేనిదాన్ని నిషేధం అనొచ్చా?

చీఫ్ జస్టిస్ వాలిస్, జస్టిస్ శేషగిరి అయ్యర్ అనొచ్చు అన్నారు, ప్రయత్నం చేసినవాడికి శిక్ష ఉంది, ప్రేరేపించినవాడికి శిక్ష ఉంది, అలాంటప్పుడు ఆ పనిని కోడ్ నిషేధించినట్టే, కాబట్టి ఇది కోయర్షనే అని. జస్టిస్ ఓల్డ్‌ఫీల్డ్ ఒప్పుకోలేదు, సెక్షన్‌ని ఉన్నదున్నట్టు కచ్చితంగా చదవాలి, శిక్ష లేనిది నిషేధం కిందికి రాదు అన్నారు. మెజారిటీ మాటే నిలిచింది. ఇప్పుడు చెప్పు, 15వ సెక్షన్ నువ్వు బట్టీ పట్టాల్సిన అవసరం ఉందా? ఆ ఇంట్లో ఏం జరిగిందో తలుచుకుంటే సెక్షన్ దానంతటదే వస్తుంది. పరీక్షలో భార్య విషం తాగుతానంటే భర్త ఇల్లు రాసిచ్చాడు అని ప్రాబ్లం ఇచ్చారనుకో, నీకు శేషమ్మ గుర్తొస్తుంది, శేషమ్మతో పాటు 15 గుర్తొస్తుంది, ఓల్డ్‌ఫీల్డ్ ఏమన్నారో కూడా రాస్తే దిద్దేవాళ్ళకి నువ్వు జడ్జిమెంట్ చదివావని తెలిసిపోతుంది.

అలాగే 17 ఏళ్ళ కుర్రాడు ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడని ప్రాబ్లం ఇస్తే వడ్డీ గురించో తాకట్టు గురించో రాసుకుంటూ పోకు. వాడి వయసు చూడు. మైనర్ అనగానే 11వ సెక్షన్, 1903లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో లండన్‌లో ఉన్న మన ఆఖరి అప్పీలు కోర్టు) చెప్పిన మొహరీ బీబీ కేసు, ఆ ఒప్పందం మొదటి నుంచే చెల్లదు. మనిషి నుంచి మొదలుపెట్టి సెక్షన్ దగ్గరికి రా, ఎప్పుడూ తిరగేసి వెళ్ళకు.

రోజుకి ఒక్క పేజీ చదివినా చాలు. చదివాక పుస్తకం మూసి, ఏం జరిగింది, కోర్టు తేల్చాల్సిన ప్రశ్న ఏంటి, ఎలా తేల్చింది, ఎందుకు అలా తేల్చింది, ఈ నాలుగూ తెలుగులో రాయి, అమ్మకి ఫోన్‌లో చెప్తున్నట్టు రాయి. అమ్మకి అర్థమయ్యేలా రాయగలిగావంటే నీకు అర్థమైనట్టే. తర్వాత అదే మళ్ళీ చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాసుకో. పొడుగు వాక్యాలు, లాటిన్ మాటలు అక్కర్లేదు. జడ్జిమెంట్లకి డబ్బు పెట్టక్కర్లేదు, ఇండియన్ కానూన్ అనే వెబ్‌సైట్‌లో ఫ్రీగా దొరుకుతాయి, సుప్రీంకోర్టు కూడా తన తీర్పులు కొన్నింటిని తెలుగులోకి తర్జుమా చేయించి వెబ్‌సైట్‌లో పెడుతోంది. చట్టాలు ఇండియా కోడ్ సైట్‌లో ఉన్నాయి.

తమిళం మాత్రం నేర్చుకో తమ్ముడూ, దాన్ని తప్పించుకోవద్దు. హైకోర్టులో ఇంగ్లీషే గానీ ఎగ్మోరు కోర్టులో, సైదాపేట కోర్టులో సాక్షి చెప్పేది తమిళం, నీ దగ్గరికి వచ్చే క్లయింట్ ఏడ్చేది తమిళంలో. హాస్టల్‌లో రూమ్మేట్‌తో రోజూ అరగంట తప్పులైనా తమిళంలోనే మాట్లాడు. నీ తెలుగు కూడా ఇక్కడ ఎందుకూ పనికిరాదనుకోకు. తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది, ఆ వైపు పాత దస్తావేజులు తెలుగులో వస్తే చాంబర్లలో, అంటే లాయర్ల ఆఫీసుల్లో, చదివేవాళ్ళ కోసం వెతుక్కుంటారు, నా జూనియర్‌షిప్‌లో నాకు మొదట దొరికిన సొంత పని అదే, ఒక సీనియర్‌కి 1930ల నాటి తెలుగు భాగపరిష్కార పత్రం (ఆస్తి పంపకాల కాగితం) చదివి పెట్టడం.

రెండు అరియర్లకి చదువు మానేస్తారా ఎవరైనా? వచ్చే సెమ్‌లో రాసేయ్. నాన్నకి అరియర్ సంగతి దాచకు, ఆయనకి ఇంకొకరు చెప్పేలోపు నువ్వే చెప్పు.

ప్రశ్న: మేడం, నేను మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ సెకండ్ ఇయర్. సీనియర్ ఒకరు ఐపీసీ (నేరాలు, శిక్షల చట్టం), సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసు నడిపే విధానం), ఎవిడెన్స్ (సాక్ష్యాల చట్టం) పుస్తకాలు సగం రేటుకి ఇస్తానంటున్నారు. చట్టాలు మారిపోయాయి కదా, తీసుకోవచ్చా? కొత్త సెక్షన్లు, పాత సెక్షన్లు రెండూ చదవాలంటే పిచ్చెక్కేలా ఉంది.
- ఒక స్టూడెంట్, విల్లివాక్కం

జవాబు: థియరీ పుస్తకం అయితే తీసుకోమ్మా, బేర్ యాక్ట్, అంటే చట్టంలోని సెక్షన్లు మాత్రమే ఉండే పుస్తకం, కొత్తదే కొను. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్ట్ బదులు భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. పేర్లు కొత్తవే గానీ లోపల చాలా వరకు పాత మాటలే. హత్యకీ, హత్య కిందికి రాని నేరపూరిత నరహత్యకీ తేడా ఏంటో పాత పుస్తకం చెప్పినంత వివరంగా కొత్త గైడ్లు చెప్పట్లేదు. పైగా 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకి ఐపీసీనే వర్తిస్తుంది, ఆ కేసులు కోర్టుల్లో ఇంకా చాలా ఏళ్ళు నడుస్తాయి, నువ్వు ప్రాక్టీస్‌కి వచ్చేసరికి రెండూ చేతిలో ఉండాల్సిందే.

ఐపీసీలోని 511 సెక్షన్లు న్యాయ సంహితలో 358 అయ్యాయి, నంబర్లన్నీ కదిలిపోయాయి. 302 అంటే హత్య అని ఊళ్ళో పిల్లలకి కూడా తెలిసేది, ఇప్పుడది 103. మోసానికి పెట్టే 420 ఇప్పుడు 318లో ఉంది. అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది 482తో. పాత సీఆర్‌పీసీలో 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టుకి వెళ్ళే సెక్షన్, ఇప్పుడు సురక్షా సంహితలో అదే 482 ముందస్తు బెయిల్, కొట్టేయమని అడగాలంటే 528. పరీక్షలో ఒక్క నంబర్ రాసి ఊరుకోకు, నంబర్ పక్కన ఏ చట్టమో తప్పకుండా రాయి.

నంబర్ల పట్టిక గోడకి అంటించుకుని రోజూ చదవడం కంటే, ఏది పోయింది, ఏది కొత్తగా వచ్చింది అన్నది చూస్తే బుర్రలో నిలుస్తుంది. స్నాచింగ్‌కి 304 అని విడిగా సెక్షన్ వచ్చింది. శిక్షల్లో సమాజ సేవ చేరింది. రాజద్రోహం 124ఏ పోయి 152 అని వేరే మాటలతో ఇంకోటి వచ్చింది. ఆత్మహత్య ప్రయత్నానికి శిక్ష వేసే పాత 309 కొత్త సంహితలో లేదు, పబ్లిక్ సర్వెంట్‌ని ఒత్తిడి చేయడానికి అలా చేస్తే మాత్రం 226 కింద నేరం.

ఇక్కడే పైన తమ్ముడికి చెప్పిన శేషమ్మ కేసు దగ్గరికి మళ్ళీ రా. 1917లో మెజారిటీ జడ్జీలు ఆధారం చేసుకున్నది ఏంటి, ప్రయత్నానికి శిక్ష ఉంది, ప్రేరేపణకి శిక్ష ఉంది కాబట్టి నిషేధమే అని. ఇప్పుడు ఆ రెండిట్లో ఒక కాలు దాదాపు పోయింది, ప్రేరేపణ ఒక్కటే 108వ సెక్షన్‌లో మిగిలింది. మరి ఈరోజు ఎవరైనా చచ్చిపోతానని బెదిరించి ఆస్తి రాయించుకుంటే అది కోయర్షనా కాదా? ఒకరు ప్రేరేపణ నేరమే కాబట్టి నిషేధం ఇంకా ఉన్నట్టే అని వాదించొచ్చు. ఇంకొకరు ఓల్డ్‌ఫీల్డ్ మాట పట్టుకుని లేదు అనొచ్చు. కోయర్షన్ కాకపోయినా 16వ సెక్షన్ కింద అన్‌డ్యూ ఇన్‌ఫ్లుయెన్స్ (ఎదుటివాళ్ళ మీద ఉన్న పట్టుని అడ్డం పెట్టుకుని ఒప్పించడం) అవుతుంది కదా అని మూడో దారి కూడా ఉంది. మీ కాలేజీలో మూట్ (ఉత్తుత్తి కోర్టులో వాదన) పెడితే ఈ ప్రాబ్లం పెట్టమని అడుగు. నా దగ్గర ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన పిల్లలకి ఇది ఇచ్చి చూశా, భోజనం టైం దాటిపోయినా వాదన ఆగలేదు. లా చదువులో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘడియ అదే, పిల్లలు నంబర్ మర్చిపోయి ప్రశ్న పట్టుకునే ఘడియ.

ప్రశ్న: అమ్మా, నా వయసు 36, అంబత్తూరు ఎస్టేట్‌లో సూపర్‌వైజర్‌ని, బీకాం పాసయ్యాను. లాయర్ కావాలని చిన్నప్పటి నుంచీ కోరిక. ఒక ఏజెంట్ వేరే రాష్ట్రంలో కాలేజీ ఉంది, క్లాసులకి వెళ్ళక్కర్లేదు, పరీక్షలు మాత్రం రాస్తే చాలు అంటున్నాడు. ఈవెనింగ్ కాలేజీ గానీ డిస్టెన్స్ గానీ ఉంటే చెప్పగలరు.

జవాబు: అన్నగారూ, ఆ ఏజెంట్‌కి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే వెంటనే వెనక్కి అడగండి.

లాయర్‌గా ఎన్‌రోల్ కావాలంటే, అంటే బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలంటే, రెగ్యులర్ ఎల్‌ఎల్‌బీనే కావాలి, డిస్టెన్స్‌ది చెల్లదు. లా చదువుకీ, లాయర్లకీ రూల్స్ పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 రూల్స్ ప్రకారం క్లాసులు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలి, ప్రతి సబ్జెక్ట్‌లో 70 శాతం హాజరు ఉండాలి, అందుకే పాతకాలం ఈవెనింగ్ లా కాలేజీలు ఇప్పుడు ఆ పద్ధతిలో లేవు. 2024 సెప్టెంబర్‌లో బార్ కౌన్సిల్ ఇంకో సర్క్యులర్ ఇచ్చింది, కాలేజీల్లో బయోమెట్రిక్ హాజరు పెట్టాలి, చదివేటప్పుడు ఉద్యోగం చేస్తున్నారా లేదా, చేస్తుంటే యజమాని ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) ఉందా అన్నది స్టూడెంట్ డిక్లేర్ చేయాలి అని. మూడేళ్ళు డబ్బు కట్టి, చివర్లో ఎన్‌రోల్‌మెంట్ టైంలో ఒకే నెలలో ఇక్కడ ఫ్యాక్టరీలో జీతం, అక్కడ క్లాసులో హాజరు ఉందని బయటపడితే డిగ్రీ మీదే అనుమానం వస్తుంది. అలా ఇరుక్కున్న ఒకాయన మా చాంబర్‌కి వచ్చారు, ఆయన ముఖం నాకు ఇంకా గుర్తుంది.

వయసు గురించి మాత్రం బెంగ వద్దు. 30 దాటితే మూడేళ్ళ కోర్సులో చేరకూడదని బార్ కౌన్సిల్ పెట్టిన రూల్‌ని సుప్రీంకోర్టు 2017లో ఆపేసింది. డిగ్రీలో జనరల్‌కి 45, ఓబీసీకి 42, ఎస్‌సీ ఎస్‌టీలకి 40 శాతం ఉంటే అర్హత ఉన్నట్టే. షిఫ్ట్ మార్చుకుని, మీ మేనేజ్‌మెంట్ దగ్గర ఎన్‌ఓసీ రాయించుకుని, పొద్దున క్లాసులు పెట్టే కాలేజీ దగ్గర్లో దొరుకుతుందేమో చూడండి. అది కుదరకపోతే మూడేళ్ళ ఇంటి ఖర్చుకి సరిపడా కూడబెట్టుకుని ఉద్యోగం వదిలి రండి. ఆలస్యం అయినా ఫర్వాలేదు అన్నగారూ, 40 ఏళ్ళకి కోటు వేసుకున్నవాళ్ళు మా బార్‌లో ఉన్నారు, కార్మికుల కేసుల్లో మీలాంటి అనుభవం ఉన్నవాళ్ళ మాటకి బలం ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండ్ ఇయర్. లా చదువుతానంటోంది. ఐదేళ్ళదా, డిగ్రీ చేశాక మూడేళ్ళదా? చెన్నైలో చేర్చాలంటే ఏ పరీక్ష రాయాలి?
- ఒక తల్లి, నాయుడుపేట

జవాబు: అమ్మాయికి లా మీద నిజంగా మనసుంటే ఐదేళ్ళదే అండి, ఒక ఏడాది కలిసొస్తుంది. ఇంకా తేల్చుకోలేకపోతుంటే ముందు డిగ్రీ చేయనివ్వండి, నష్టమేమీ లేదు.

తమిళనాడు అంబేద్కర్ లా యూనివర్సిటీ, దాని కింది ప్రభుత్వ కాలేజీల్లో ఎంట్రన్స్ లేదు, ప్లస్ టూ మార్కుల మీదే సీటు. అందులో బయటి రాష్ట్రం పిల్లలకి రూల్స్ ఎలా ఉన్నాయో ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లోనే చూసుకోండి. 1891లో మొదలై హైకోర్టు పక్కన నడిచిన పాత లా కాలేజీ 2018లో అక్కడి నుంచి కదిలి పుదుపాక్కం, పట్టరైపెరుంబుదూరు క్యాంపస్‌లకి వెళ్ళింది, రెండూ సిటీ బయటే, హాస్టల్ సంగతి ముందే కనుక్కోండి. ప్రైవేట్ యూనివర్సిటీల్లో ఫీజులు బాగా ఎక్కువ, ఐదేళ్ళకి కలిపి లెక్క వేసుకుని, అప్పు చేయాల్సి వస్తే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. బిల్డింగ్ చూసి చేర్చకండి, లైబ్రరీ ఎన్ని గంటల దాకా తెరిచి ఉంటుందో అడగండి.

నేషనల్ లా యూనివర్సిటీల్లో చాలావాటికి క్లాట్ అనే ఎంట్రన్స్ రాయాలి. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, తప్పుకి పావు మార్కు పోతుంది. హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య, తిరుచ్చిలో తమిళనాడు నేషనల్ లా యూనివర్సిటీ, బెంగళూరు నేషనల్ లా స్కూల్ అన్నీ దీంతోనే. ఆంధ్రలో మిగతా కాలేజీలకి ఆ రాష్ట్ర ఎంట్రన్స్ లాసెట్. రెండూ రాయించండి. క్లాట్‌లో చాలా వరకు పేరాలు చదివి జవాబు చెప్పేవే కాబట్టి ఇప్పటి నుంచే రోజూ ఒక ఇంగ్లీషు పేపర్ ఎడిటోరియల్ పేజీ చదవమనండి.

ప్రశ్న: ఫైనల్ ఇయర్‌లో ట్రయల్ అబ్జర్వేషన్ రికార్డు రాయాలంట. అందరూ సీనియర్ల రికార్డు చూసి కాపీ చేస్తున్నారు. కోర్టుకి వెళ్ళడం అవసరమా?

జవాబు: అవసరమా అని కాదు, ఐదేళ్ళ చదువులో నిన్ను లాయర్‌ని చేసేది అదే. మూట్ కోర్ట్ పేపర్‌లో 30 మార్కులు దానికే పెట్టారు, ఒక సివిల్, ఒక క్రిమినల్ ట్రయల్ కళ్ళతో చూసి రాయమని. ఎప్పటిదో సీనియర్ రాసిన కేసుని, పేర్లు మార్చి, అదే తప్పులతో సహా మళ్ళీ రాస్తున్న రికార్డులు చూస్తే నాకు నిజంగా కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే ఆ పిల్లలే తర్వాత ఎన్‌రోల్ అయ్యి నా ముందుకొచ్చి, మేడం చీఫ్ ఎగ్జామినేషన్‌కీ (సాక్షిని తెచ్చిన పక్షం లాయర్ అడగడం) క్రాస్‌కీ (అవతలి లాయర్ అడగడం) తేడా ఏంటి అని అడుగుతారు.

కాలేజీ ఐడీ కార్డు పెట్టుకుని, తెల్ల చొక్కా వేసుకుని ఎగ్మోరు కోర్టుకో సైదాపేట కోర్టుకో పో. పది గంటలకే వెళ్ళు. వెనక బెంచీలో కూర్చో, ఫోన్ సైలెంట్‌లో పెట్టు. మొదటి రోజు ఏమీ అర్థం కాదు, పేర్లు పిలవడం, వాయిదాలు, అంతే. బోర్ కొట్టినా కూర్చో. మూడో రోజో నాలుగో రోజో ఒక సాక్షి బోనెక్కుతాడు. అప్పుడు చూడు, చీఫ్‌లో గడగడా చెప్పినవాడు క్రాస్‌లో చిన్న ప్రశ్నకి, ఆ రోజు వీధి దీపం వెలుగుతోందా అన్న ప్రశ్నకి, ఎలా ఆగిపోతాడో. ఎవిడెన్స్ పేపర్ అప్పుడు అర్థమవుతుంది. బెంచ్ క్లర్క్‌తో, వకీలు గుమాస్తాలతో మర్యాదగా మాట్లాడు, ఏ హాల్లో ఏ రోజు ట్రయల్ ఉందో వాళ్ళే చెప్తారు. హైకోర్టు కూడా చూడు, గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు ఐడీ అడుగుతారు. లోపల వాదనలు వినడం అయ్యాక ఒకసారి బయటికి వచ్చి తలెత్తి గోపురం చూడు, చాలా ఏళ్ళ పాటు అదే మద్రాస్ రేవుకి లైట్‌హౌస్.

ఇంటర్న్‌షిప్ కూడా ఇంతే, ఐదేళ్ళ వాళ్ళకి 20 వారాలు, మూడేళ్ళ వాళ్ళకి 12 వారాలు ఉండాలని రూల్. సర్టిఫికెట్ కోసం కాకుండా ఏదో ఒక ట్రయల్ సైడ్ చాంబర్‌లో కొన్ని వారాలైనా కూర్చో, జిరాక్స్ తీయమన్నా తియ్, తీస్తూ ఆ కాగితం చదువు.

ప్రశ్న: అక్కా, నేను ఫైనల్ ఇయర్, ఊరు చిత్తూరు, చదువు చెన్నైలో. ఎన్‌రోల్‌మెంట్ ఇక్కడా, ఆంధ్రాలోనా? ఫీజు ఎంత? నాకు జడ్జి పరీక్ష రాయాలని ఉంది, పాసవగానే రాసేయొచ్చా? మొదట్లో డబ్బులు ఎలా?
- ఒక చెల్లి, తాంబరం

జవాబు: ఎక్కడ ప్రాక్టీస్ చేయాలనుకుంటున్నావో అక్కడ ఎన్‌రోల్ అవ్వమ్మా. ఒకచోట రోల్‌లో ఉంటే దేశంలో ఏ కోర్టులోనైనా వాదించొచ్చు, తర్వాత ఊరు మారితే ట్రాన్స్‌ఫర్ కూడా ఉంది. ఫీజు విషయంలో ఎవరూ నిన్ను భయపెట్టకుండా చూసుకో. అడ్వకేట్స్ యాక్ట్ 24వ సెక్షన్‌లో ఉన్నది జనరల్‌కి మొత్తం 750 రూపాయలు, ఎస్‌సీ ఎస్‌టీలకి 125. రాష్ట్ర బార్ కౌన్సిళ్ళు దానికి రకరకాల పేర్లు కలిపి వేలకి వేలు తీసుకుంటుంటే 2024 జులై 30న సుప్రీంకోర్టు చట్టంలో ఉన్నదానికంటే ఎక్కువ తీసుకోవద్దని తీర్పిచ్చింది. ఆ తీర్పు ఒకసారి చదువు, ఫీజు ఎక్కువైతే పేదింటి పిల్లలు ఈ వృత్తికి ఎలా దూరమవుతారో అందులో రాశారు. చదువుతూ నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మా బ్యాచ్‌లో ఆ డబ్బు పోగు చేయలేక ఏడాది ఆగిపోయిన స్నేహితురాలు గుర్తొచ్చి.

ఎన్‌రోల్ అయ్యాక ఆలిండియా బార్ ఎగ్జామ్ పాసవ్వాలి. 100 ప్రశ్నలు, నెగెటివ్ లేదు, జనరల్, ఓబీసీకి 45 శాతం వస్తే పాస్. నోట్స్ లేని బేర్ యాక్ట్ లోపలికి తీసుకెళ్ళొచ్చు, అందుకే కాలేజీ రోజుల నుంచి బేర్ యాక్ట్ తిరగేసే అలవాటున్నవాళ్ళకి ఇది కష్టం కాదు.

జడ్జి పరీక్ష మాత్రం వెంటనే కాదు. 2025 మే 20న సుప్రీంకోర్టు సివిల్ జడ్జి పోస్టుకి మూడేళ్ళ ప్రాక్టీస్ తప్పనిసరి అని మళ్ళీ పెట్టింది, 2002కి ముందు అలాగే ఉండేది. ఆ మూడేళ్ళు ప్రొవిజనల్ (తాత్కాలిక) ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచి లెక్కేస్తారు కాబట్టి డిగ్రీ రాగానే ఎన్‌రోల్ అవ్వు, బద్ధకంగా ఆరు నెలలు వాయిదా వేసుకోకు. ఆ తీర్పు ఆడపిల్లలకి కష్టం అన్నవాళ్ళున్నారు, వాళ్ళ బాధ నాకు తెలుసు, ఇంట్లో పెళ్ళి ఒత్తిడి ఉన్న పిల్లకి మూడేళ్ళు పెద్దదే. అయినా సాక్షిని ఒక్కసారైనా క్రాస్ చేసిన మనిషి బెంచ్ మీద కూర్చోవడం మంచిదనే నేను అనుకుంటున్నా.

డబ్బుల సంగతి, జూనియర్లకి చెన్నైలో నెలకి కనీసం 20,000 ఇవ్వాలని మద్రాస్ హైకోర్టు 2024 జూన్‌లో చెప్పింది, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కూడా అదే ఏడాది అక్టోబర్‌లో సిటీల్లో 20,000, పల్లెల్లో 15,000 ఇమ్మని సిఫార్సు చేసింది. అన్ని చాంబర్లూ ఇస్తున్నాయని నేను చెప్పలేను. చాంబర్‌లో చేరే ముందే అడుగు, అడగడం తప్పు కాదు, పని నేర్పుతున్నాం కదా అని ఏమీ ఇవ్వకుండా రెండేళ్ళు తిప్పుకునేవాళ్ళ దగ్గర ఉండొద్దు. మొదటి ఏడాది ఇంటి నుంచి కొంచెం సాయం కావాల్సి వస్తుందని ఇంట్లో ఇప్పుడే చెప్పి ఉంచు.

ఇంకొకటి, నీలా ఆంధ్రాలో ఇంటర్ దాకా చదివి ఇక్కడ డిగ్రీ తీసుకునేవాళ్ళందరికీ వచ్చే చిక్కు. మన టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఇక్కడి కాలేజీల్లో నాన్న పేరు మొదటి అక్షరం ఇనిషియల్‌గా వేస్తారు, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. ఎన్‌రోల్‌మెంట్ అప్లికేషన్‌లో ఈ మూడూ కలవక నెలలు తిరిగినవాళ్ళని చూశా. కన్సాలిడేటెడ్ మార్క్ షీట్ ప్రింట్ కాకముందే, ఈ వారంలోనే కాలేజీ ఆఫీసుకెళ్ళి నీ పేరు వాళ్ళ రికార్డులో ఎలా ఉందో ఒకసారి చూపించమని అడుగు.